ఏటికి ఇవతలి బడి

ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠలుగా చీలి, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోగా సముద్రం వైపు సాగే గోదావరి, తాను మోసుకొచ్చిన ఒండ్రును ఒకచోట పరుస్తూ, మరొకచోట కోసుకుపోతూ, వేల ఏళ్లుగా ఈ డెల్టాను కడుతూనే ఉంది. ఆ పని ఇంకా ముగియలేదు కనుక, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర నేల ఎక్కడ ఆగుతుందో, నీరు ఎక్కడ మొదలవుతుందో ఏటికేడాది మారుతూ ఉంటుంది. గౌతమి మొగ ప్రాంతంలోని బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలు, కాకినాడ తీరానికి ఎదురుగా గత రెండు శతాబ్దాల్లో ఇసుక మేటవేసి పెరిగిన హోప్ ఐలాండ్ మీది జాలరి పాకలు, పాయల నడుమ మిగిలిన లంక గ్రామాలు ఈ మారే నేల మీదే నిలబడి ఉన్నాయి. ఇవిగాక, వంటా పడకా పడవలోనే సాగిస్తూ, వేట దొరికే పాయ వెంట పిల్లాపాపలతో తిరిగే కుటుంబాలూ ఈ డెల్టాలో ఉన్నాయి. కంబోడియాలోని తొన్లే సాప్ సరస్సు మీద కనిపించే తేలియాడే ఊళ్లు ఇక్కడ లేకపోయినా, నీటి మధ్య బతికే పేద జాలరి పిల్లలకు భద్రమైన ప్రాథమిక పాఠశాల ఎలా ఉండాలన్న ప్రశ్న మాత్రం అక్కడ ఎంత బరువైనదో ఇక్కడా అంతే బరువైనది.

ఈ ప్రాంతానికి నీటి ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి వచ్చేది వరద: ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75 అడుగులకు, 17 లక్షల క్యూసెక్కులకు చేరితే మూడో హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఆ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటగా, 2022 జూలైలో దాదాపు 26 లక్షల దాకా వచ్చింది. కిందినుంచి వచ్చేది ఉప్పెన, అంటే తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెట్టగా గోడలా లేచే నీరు. ఒకనాటి పెద్ద ఓడరేవు కోరంగి 1789లోనూ, మళ్లీ 1839లోనూ ఈ ఉప్పెనలకే నేలమట్టమైంది. 1977 నవంబరు 19న పొరుగునున్న కృష్ణా డెల్టాలో దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 10 వేల ప్రాణాలు తీసింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చి, వెయ్యి మందికి పైగా ప్రాణాలను, వారిలో వేటకు వెళ్లిన జాలరులెందరినో, బలిగొంది.

ఈ రెండు నీళ్ల కాలాన్ని బడి కాలంతో పోల్చి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. తల్లిదండ్రులు ఒడ్డున ఉండే ఆ రెండు నెలలూ దాదాపుగా వేసవి సెలవులే. బడి తెరిచాక జూలై నుంచి సెప్టెంబరు వరకు వరదలు, అదే సమయంలో పులస చేపల వేట. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానులు. బడి నడిచే రోజుల్లో సగానికి పైగా నీరు ప్రమాదకరంగా ఉండే రోజులే, పెద్దలు ఏటి మీదో సముద్రం మీదో ఉండే రోజులే అన్నమాట. అందువల్ల ఇక్కడి బడి భవనాన్ని మామూలు ఊళ్లో నాలుగు గదుల కట్టడంగా ఊహించి, దానికి కొంచెం ఎత్తు అరుగు జోడిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు.

నీరు పెరిగితే తానూ పైకి లేచే బడిని కడితే పోదా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది, ప్రపంచంలో పలుచోట్ల వచ్చింది కూడా. బంగ్లాదేశ్‌లో వాస్తుశిల్పి మొహమ్మద్ రెజ్వాన్ స్థాపించిన సిధులాయ్ స్వనిర్వర్ సంస్థ 2002 నుంచి పడవల్నే బడులుగా నడుపుతోంది. పడవ ఊరూరి రేవుకూ వెళ్లి పిల్లలను ఎక్కించుకుని, ఒకచోట కట్టేసుకుని పాఠం చెప్పి, మళ్లీ ఎవరి రేవులో వారిని దింపుతుంది. మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సులో నీటి మొక్కలు అల్లుకుని ఏర్పడిన తేలియాడే తెప్పల మీద 2017లో జాలరి పిల్లల కోసం చిన్న బడి మొదలైంది. నైజీరియాలోని లాగోస్ నగరంలో, మడుగు మీద కర్రల ఇళ్లతో విస్తరించిన మకోకో అనే పేదల వాడలో కున్లే అడెయెమి రూపొందించిన మూడంతస్తుల త్రికోణాకారపు బడి 2013లో 256 ప్లాస్టిక్ పీపాల మీద తేలింది, దేశదేశాల ప్రశంసలందుకుంది, 2016 జూన్‌లో ఒక పెద్దవాన తరువాత కూలిపోయింది. పిల్లలను అంతకు ముందే అక్కడినుంచి తరలించడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

తేలే కట్టడం వెనుక ఉన్న సూత్రం ఆర్కిమెడిస్ చెప్పినదే: తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న తెప్పను తీసుకుంటే, అది ఒక సెంటీమీటరు లోతుకు దిగినప్పుడు ఒక ఘనమీటరు నీరు, అంటే ఒక టన్ను బరువైన నీరు తొలగుతుంది. సగటున 25 కిలోలుండే నలభై మంది పిల్లల బరువు సరిగ్గా ఒక టన్నే కాబట్టి, తరగతి మొత్తం ఎక్కినా తెప్ప దిగేది సెంటీమీటరే. పిల్లలందరూ ఒక్కసారిగా ఒక అంచుకు పరుగెత్తినా, మొత్తం ఇరవై టన్నుల బరువుండే అటువంటి తెప్ప అర డిగ్రీ కూడా వాలదని లెక్క తేలుతుంది. తేలే వస్తువు వాలినప్పుడు తిరిగి నిలబెట్టే బలం దాని బరువు కన్నా, నీటి మట్టం దగ్గర దాని వెడల్పు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అదీ వెడల్పు ఘనానికి అనులోమంగా, అంటే పొడవు మారకుండా వెడల్పు రెట్టింపైతే నిలకడ ఎనిమిది రెట్లు పెరిగేలా ఉంటుంది. పిల్లల కదలిక వల్ల బోల్తాపడుతుందేమోనన్న భయం వెడల్పైన తెప్ప విషయంలో అక్కరలేదన్నది ఈ లెక్క చెప్పే మాట.

అసలు భయం గాలి నుంచి. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, సెకనుకు 65 మీటర్ల వేగంతో వీచే తుఫాను గాలి చదరపు మీటరు గోడ మీద సుమారు 258 కిలోల బరువుతో తోస్తుంది. ఆ తెప్ప మీద పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల ఎత్తు ఉన్న గది నిలిచి ఉంటే, దాని మీద పడే మొత్తం తోపు పన్నెండు టన్నులు దాటుతుంది. ఇరవై టన్నుల తెప్పను అడ్డంగా తోసే ఆ పన్నెండు టన్నులను ఆపవలసింది లంగర్లు, వాటిని పట్టుకున్న తాళ్లు మాత్రమే. పైగా మొగ దగ్గర పోటుకూ పాటుకూ ప్రవాహం దిశ మార్చుకుంటుంది. నీటిమట్టం పెరిగి తగ్గేందుకు వీలుగా తాడు వదులుగా ఉండాలి, వదులుగా ఉన్న తాడు అల వచ్చిన ప్రతిసారీ ఝాడించి లాగుతుంది, అలా లాగినప్పుడు పుట్టే బలం నిలకడగా లాగేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మకోకో, లోక్‌తక్, తొన్లే సాప్ మూడూ సముద్రపు అలలు నేరుగా తాకని మడుగులూ సరస్సులూ అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఉప్పెనలకు పుట్టిల్లయిన బంగాళాఖాతానికి ముఖం పెట్టి ఉన్న గోదావరి మొగలో తేలే బడిని శాశ్వత పాఠశాలగా తలపెట్టడం పిల్లల భద్రతను ఒక తాడు బలానికి అప్పగించడమే అవుతుంది. నేలను గట్టిగా పట్టుకుని, నీటిని తన కింద నుంచి పోనిచ్చే భవనమే ఈ చోటుకు తగినది.

అటువంటి భవనానికి కావలసిన శాస్త్రం కొత్తదేమీ కాదు, దేశంలో ప్రమాణాలుగా అచ్చయి ఉంది. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఈ తీరానికి నిర్దేశించిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015లో సవరించిన ఆ ప్రమాణం తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ప్రాంతంలో, తుఫాను తరువాత ప్రజలకు అక్కరకు రావలసిన కట్టడాలకు ఆ వేగాన్ని 1.30తో హెచ్చించమంటుంది, ఆ జాబితాలో తుఫాను షెల్టర్లు, ఆసుపత్రులతో పాటు పాఠశాలలూ ఉన్నాయి. అప్పుడు వేగం 65 మీటర్లవుతుంది, ఒత్తిడి వర్గంతో పెరుగుతుంది కాబట్టి భవనం తట్టుకోవలసిన బలం 69 శాతం ఎక్కువవుతుంది. చిన్నపిల్లల బడి కనుక చిన్న ఖర్చుతో కట్టవచ్చన్న వాదనకు ఈ ఒక్క అంకె సమాధానం చెబుతుంది. పక్కనున్న మామూలు ఇల్లు కన్నా బడి బలంగా ఉండాలన్నది ఎవరి దయాదాక్షిణ్యాల మాటో కాదు, ప్రమాణం విధించిన నియమం.

గాలికి మొదట లొంగేది పైకప్పు. గాలి కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి కప్పును పైకి పీల్చుతుంది. అదే క్షణంలో గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పగిలితే లోపల నిండిన గాలి కప్పును కింది నుంచి కూడా ఎత్తుతుంది. చదరపు మీటరుకు పదిహేను కిలోలకు అటూ ఇటూ తూగే సిమెంటు రేకుకు చదరపు మీటరుకు 250 కిలోల ఎత్తుడు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. రేకు అంచుల వద్ద, మూలల వద్ద ఆ పీల్పు మరీ ఎక్కువ. అలా లేచిన రేకులు గాలిలో కత్తుల్లా తిరుగుతాయి. అందుకే ఈ తీరంలో బడికి స్తంభాలతో, దూలాలతో ఒకే ముద్దగా పోసిన కాంక్రీటు స్లాబే తగినది. కిటికీలకు అద్దాలు గాక లోపలి నుంచి గడియ పడే గట్టి తలుపులు కావాలి. తాటాకు కప్పుల ప్రమాదం గాలితోనే ఆగదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఆకుల కప్పు అంటుకుని ఒక పాఠశాలలో 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ దుర్ఘటన నేపథ్యంలో దాఖలైన కేసులోనే సుప్రీంకోర్టు 2009లో భద్రమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని స్పష్టం చేసింది. మధ్యాహ్న భోజనం వండే గది తరగతులకు దూరంగా, మంట అంటుకోని కప్పుతో ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

నీటి సంగతి గాలికన్నా కఠినం, ఎందుకంటే నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు బరువు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో వచ్చే ఉప్పెన నీరు అడ్డుగా ఉన్న గోడ మీద చదరపు మీటరుకు 450 కిలోలకు మించి తోస్తుంది. కదలకుండా ఒకవైపు రెండు మీటర్ల లోతున నిలిచినా ప్రతి మీటరు వెడల్పు గోడ మీద రెండు టన్నుల బరువు పెడుతుంది. నాలుగైదు అంగుళాల ఇటుక గోడ దీనికి నిలవదు. నీటికి అడ్డం నిలబడకుండా దారి ఇవ్వడమే మార్గం. కింది అంతస్తును గోడలు లేని స్తంభాలుగా వదిలి, తరగతి గదులను గతంలో వచ్చిన ఉప్పెన మట్టానికి పైన పెట్టే పద్ధతి ఇలా పుట్టింది. 1977 తరువాత కోస్తా అంతటా కట్టిన తుఫాను షెల్టర్లు, 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో ప్రారంభమైన జాతీయ తుఫాను ముప్పు నివారణ పథకం కింద కట్టినవి ఈ పద్ధతివే. మామూలు రోజుల్లో వాటిలో బడులు నడపడమూ ఆలోచనలో భాగమే. ఇది రెండు వైపులా లాభం. బడిగా రోజూ వాడుకలో ఉన్న భవనానికి మరమ్మతు జరుగుతుంది, ఊరందరికీ దాని మెట్లు తెలిసి ఉంటాయి, చీకట్లో తలదాచుకోవడానికి పరుగెత్తే రాత్రి అది కొత్తచోటు కాదు.

అయితే స్తంభాల మీది భవనానికి తనవైన బలహీనతలున్నాయి. ఖాళీ ఉంది కదా అని కింది భాగాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఇటుకలతో మూసి సరుకుల గదిగానో వంటగదిగానో మారుస్తారు; అలా మూసిన గోడ ఉప్పెన బలాన్నంతా పట్టి స్తంభాలకు చేరవేస్తుంది. గోడలు లేని కింది అంతస్తు భూకంపానికి పక్కకు ఒరిగే ప్రమాదం ఉందని 2001 గుజరాత్ భూకంపంలో కూలిన భవనాలు చూపాయి కాబట్టి, స్తంభాలను కింద దూలాలతో కలిపి కట్టాలి. అన్నిటికన్నా లోతైన చిక్కు నేలది. డెల్టా అంచున ఉన్నది వేల ఏళ్లుగా పేరుకున్న మెత్తని బంకమట్టి. భారం పడితే నీటిని నెమ్మదిగా వదులుతూ ఏళ్ల తరబడి కుంగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కుంగదు. ఒక స్తంభం రెండు అంగుళాలు, పక్కది అర అంగుళం దిగితే పైనున్న గోడలు పగులుతాయి. దీనికి తోడు, ప్రవాహం స్తంభాన్ని చుట్టుకుని పోయేటప్పుడు అడుగున సుడులు లేచి మట్టిని తవ్వేస్తాయి. స్తంభం చెక్కుచెదరకపోయినా దాని కాళ్ల కింద నేల మాయమవుతుంది. అందువల్ల పునాది ఆ కోత అందని లోతుకు పోవాలి. నేలలోకి లోతుగా దించి, అడుగున ఉబ్బుగా వెడల్పు చేసిన కాంక్రీటు పైల్స్ కుంగుదలనూ ఆపుతాయి, గాలి భవనాన్ని పైకి లాగినప్పుడు ఊడిరాకుండా పట్టుకుంటాయి.

ఇంత చేసినా, ఉప్పు గాలి పదేళ్లలో దాన్ని తినేయగలదు. కాంక్రీటులోని క్షార గుణం లోపలి ఇనుపకడ్డీ మీద పలుచని రక్షణ పొరను నిలుపుతుంది. సముద్రపు తుంపరతో వచ్చే ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా మెల్లగా లోపలికి దిగి, కడ్డీని చేరిన రోజు ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము తన పూర్వ పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది కాబట్టి, పైనున్న కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. చీలిక పడితే ఉప్పునీరు ఇంకా సులువుగా దిగుతుంది. స్లాబు అడుగున పెచ్చులూడి కడ్డీలు ఎర్రగా బయటపడిన షెల్టర్లు తీరం వెంట కనిపించేది ఇందుకే. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ఉప్పు తుంపర తగిలే చోట కడ్డీ మీద కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలని, ఎం 35 కన్నా తక్కువ బలమున్న కాంక్రీటు వాడరాదని చెబుతుంది.

ఈ 50 మిల్లీమీటర్లు నిలిచేదీ పోయేదీ పనిజరిగే చోట, ఒక్క పూటలో. సెంట్రింగ్ మీద కడ్డీలు పరిచాక వాటి కింద సరైన మందపు కవర్ బ్లాకులకు బదులు చేతికందిన కంకర రాయి పెడితే, పోసేవారి కాళ్ల బరువుకు కడ్డీ జారి చెక్కకు ఆనుకుంటుంది. కాగితం మీది 50 మిల్లీమీటర్లు అక్కడ పది అవుతుంది. పడవ మీద సిమెంటు, కంకర చేరవేయవలసిన లంకలో మంచినీరు దొరకడం కష్టం కాబట్టి పాయలోని ఉప్పునీటితో కలిపే ఆశ పుడుతుంది, ఇసుక ఎలాగూ ఒడ్డునే ఉంది. అలా కలిపిన కాంక్రీటులో క్లోరైడు దిగనక్కరలేదు, మొదటి రోజే లోపల ఉంటుంది. తేలిగ్గా జారాలని తాపీమేస్త్రి అదనంగా పోసే రెండు బకెట్ల నీరు, ఆరాక లెక్కలేనన్ని రంధ్రాలుగా మిగులుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట్ల మిగిలే చిట్టెంతో చేసే స్లాగ్ సిమెంటు ఈ రంధ్రాలను సన్నగిల్లజేసి క్లోరైడును నెమ్మదింపజేస్తుంది కనుక తీరంలో అదే మేలు. పేద ఊరి బడికి అయ్యే అదనపు ఖర్చులో చాలా భాగం ఇటువంటి కంటికి కనిపించని వాటికే పోవాలి. రంగుల గోడలకు, ముఖద్వారపు కమానుకు కాదు.

బడికి స్థలం వెతికేటప్పుడు ఎత్తు ఒక్కటే చూడడం అలవాటు. డెల్టాలో నేల ఎత్తుకన్నా దాని ఆయుష్షు ముఖ్యం. ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డున ప్రవాహం వేగంగా ఉండి అడుగును తొలుస్తుంది. వరద నిండుగా ఉన్నంతసేపూ నీటి బరువే ఆ ఒడ్డును నిలబెడుతుంది, వరద తీసినప్పుడు ఆ ఊతం పోయి, లోపల నీరు నానిన మట్టి పెళ్లలుగా విరిగి పడుతుంది. లంకల్లో కొబ్బరిచెట్లు, ఇళ్లు ఏట్లో కలిసేది ఎక్కువగా వరద తగ్గే రోజుల్లోనే కావడానికి కారణమిది. గత ముప్పై నలభై ఏళ్ల ఉపగ్రహ చిత్రాలను పాత పటాలతో పోల్చి ఒడ్డు ఏటా ఎంత తరుగుతోందో కొలిచి, భవనం బతకవలసిన యాభై ఏళ్లకు సరిపడా దూరం వదిలాకే స్థలం ఖాయం చేయాలి. సముద్రం వైపు మడచెట్లు దట్టంగా ఉన్నచోటు మేలు, వాటి వేళ్లూ కాండాలూ అలల శక్తిని ఒడ్డుకు చేరకముందే తగ్గిస్తాయి. కోరంగి అభయారణ్యాన్ని ఆనుకున్న ఊళ్లకు ఆ అండ ఉంది. కోనసీమలో మరొక విషయం చూడక తప్పదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద గ్యాస్ బావి ఎగదన్ని వారాల తరబడి మండింది, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లలో నిద్రిస్తున్నవారు కాలిపోయారు. భూమి కింద పైపులు ఎటు పోతున్నాయో తెలియకుండా ఇక్కడ బడికి ముగ్గు పోయరాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ భవనం సంగతులు. పాఠశాల భద్రత గురించి మాట్లాడేటప్పుడు చర్చ ఇక్కడే ఆగిపోవడం పరిపాటి, డెల్టాలో మాత్రం పిల్లలను ఎక్కువగా బలిగొనేది బడి గోడలు కావు, బడికి పోయే దారి. 2018 జూలై 14న, నాటి తూర్పు గోదావరి జిల్లా ఐ.పోలవరం మండలంలోని పశువుల్లంక దగ్గర, విద్యార్థులతో, ఇతర ప్రయాణికులతో గోదావరి పాయ దాటుతున్న నాటు పడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తా పడగా పాఠశాల బాలికలు నీట గల్లంతయ్యారు. ఏ వంతెన వస్తే ఆ పడవ ప్రయాణం తప్పేదో, ఆ వంతెన స్తంభమే దానికి అడ్డమైంది. స్తంభాల మధ్య ఇరుకైన దారిలో ప్రవాహం వేగం పుంజుకుంటుంది, స్తంభం పక్కన సుడులు పడవను లోపలికి లాగుతాయి. వరద నీటిలో సరంగు ఎంత నేర్పరి అయినా తెడ్డుకు, చిన్న ఇంజనుకు లొంగని బలమది.

తెప్ప విషయంలో చెప్పుకున్న వెడల్పు సూత్రం నాటు పడవ దగ్గర ఎదురు తిరుగుతుంది. మూడు మీటర్ల వెడల్పు పడవతో పోలిస్తే అదే పొడవున్న ఒకటిన్నర మీటర్ల పడవకు నిలకడ ఎనిమిదో వంతే. పిల్లలు కూర్చుని ఉన్నంతసేపు బరువు కిందే ఉంటుంది; ఒడ్డు దగ్గరపడగానే సంచులు భుజాన వేసుకుని అందరూ ఒకేసారి లేస్తే బరువుకేంద్రం పైకి జరిగి, మిగిలిన కొద్ది నిలకడా పోతుంది. పడవ అడుగున చేరిన నీరు ఒకవైపు ఒరిగినప్పుడల్లా అటే పారి ఒరుగును పెంచుతుంది. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఉడుముడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక గ్రామాలకు ఏటా వరద రాగానే తాత్కాలికపు గట్టు కొట్టుకుపోయి, పిల్లలు, పెద్దలు పడవ మీదే పాయ దాటవలసి రావడం చాలాకాలంగా ఉన్నదే.

విద్యాహక్కు చట్టం 2009 కింద కేంద్ర ప్రభుత్వం 2010లో రూపొందించిన నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. ప్రాథమిక పాఠశాల నివాసానికి ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలన్న నియమం అందరికీ తెలిసినదే. అక్కడే ఉన్న మరో నియమం, వరద ముప్పు ఉన్నచోట, దారులు లేనిచోట, ఇంటి నుంచి బడికి వెళ్లే దారి పసిపిల్లలకు ప్రమాదకరమైనచోట, ఆ ప్రమాదం తప్పేలా దూరపు పరిమితిని తగ్గించి బడిని నెలకొల్పాలంటుంది. డెల్టాకు అన్వయిస్తే దీని అర్థం ఒక్కటే: పాయకు అవతల అర కిలోమీటరులో ఉన్న బడి పిల్లవాడికి దగ్గరి బడి కాదు. హాజరు తక్కువగా ఉందని లంకలోని చిన్న బడిని అవతలి ఒడ్డున పెద్దబడిలో కలిపితే ఉపాధ్యాయుడి జీతం మిగలవచ్చు, ఆ మిగులు కోసం ముప్పై మంది పసివాళ్లు రోజుకు రెండుసార్లు ఏరు దాటాలి. ఏరు ఎవరైనా దాటవలసి వస్తే అది ఉపాధ్యాయుడే కావాలి, అదీ లైఫ్ జాకెట్ వేసుకుని, తనిఖీ అయిన వెడల్పైన పడవలో. ఊరు దాటకుండా పిల్లవాడు నడిచి చేరగలిగే ఇవతలి ఒడ్డున బడి కట్టడం, ఎంత ఖర్చయినా, భద్రతకు మొదటి షరతు.

భవనం లోపలి అవసరాల్లో తాగునీరు ముఖ్యమైనది. మొగల దగ్గర భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది, ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్లు కురిసే వాన మాత్రం తియ్యగా ఉంటుంది. వంద చదరపు మీటర్ల స్లాబు మీద పడిన వానలో ఐదో వంతు వృథా అయినా ఏడాదికి 88 వేల లీటర్లు చేరుతుంది; అరవై మంది పిల్లలకు రోజుకు రెండేసి లీటర్ల చొప్పున, వాన లేని నెలల్లోని వంద బడి రోజులకు కావలసింది 12 వేల లీటర్లే. మొదటి వాన నీటిని కప్పు కడగడానికి వదిలేసి, తరువాతి నీటిని మూసిన ట్యాంకులో ఉప్పెన మట్టానికి పైన నిలవచేస్తే, తుఫాను రోజుల్లో ఊరికీ అదే ఆధారమవుతుంది. మరుగుదొడ్ల కింద మామూలు ఇంకుడు గుంత ఇక్కడ పనికిరాదు, రెండు మూడు అడుగుల లోతులోనే నీరు తగిలే నేలలో ఆ మురుగు నేరుగా బావిలోకి, పాయలోకి చేరుతుంది. అడుగు మూసిన ట్యాంకులు, గదులతో పాటే ఎత్తున కట్టిన దొడ్లు కావాలి. చుట్టూ బోసిగా ఉన్న చదును నేలలో ఎత్తుగా నిలిచేది బడే కనుక పిడుగు వాహకం తప్పనిసరి.

చదువుకు ముందే నీటి గురించి నేర్పవలసిన పాఠం మరొకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు, ఎక్కువ ముప్పు ఐదేళ్ల లోపు పిల్లలకు. జాలరి పిల్లలకు ఈత పుట్టుకతోనే వస్తుందన్న నమ్మకం మూడేళ్ల పిల్లకు వర్తించదు. తల్లి చేపలు ఆరబెట్టడానికో అమ్మడానికో వెళ్లిన రెండు మూడు గంటలే ప్రమాద సమయం. అందువల్ల అంగన్‌వాడీ బడితో పాటే, అదే ఎత్తు మీద, కంచె గేటు లోపల ఉండాలి. ఆరేళ్లు దాటినవారికి మెలకువలతో కూడిన ఈత, వెల్లకిలా తేలడం, మునిగేవారి దగ్గరకు ఈదకుండా గెడ అందించడం లేదా డబ్బా విసరడం నేర్పాలని ఆ సంస్థ సూచిస్తోంది, బంగ్లాదేశ్‌లో ఇది పెద్ద ఎత్తున అమలై ప్రాణాలు నిలిపింది. గెడ, తాడు, ఖాళీ డబ్బా లేని జాలరి ఇల్లు ఉండదు కాబట్టి ఈ పాఠానికి కొత్త సామగ్రి ఏదీ కొననక్కరలేదు.

చివరిగా, స్తంభాల మీద ఎంత మంచి బడి కట్టినా పడవల మీదే బతికే కుటుంబాల పిల్లలకు అది అందదు, వేట ఎటు ఉంటే ఇల్లు అటు కదులుతుంది కాబట్టి. పెట్టెలో పుస్తకం పెట్టుకుని పాయ వెంట పోయే ఈ పిల్లల విషయంలోనే రెజ్వాన్ పడవ బడి డెల్టాకు అక్కరకొస్తుంది, అయితే శాశ్వత భవనంగా కాదు, రేవుల మధ్య తిరిగే ఉపాధ్యాయుడిగా. జనవరి నుంచి ఏప్రిల్ వరకు పాయలు నెమ్మదిగా ఉంటాయి. వెడల్పైన, చదును అడుగున్న పడవ ముఖ్యంగా ఆ నెలల్లో కుటుంబాలు లంగరు వేసే చోట్లకే వెళ్లి పాఠం చెప్పగలదు. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని, ఒక బడి నుంచి మరో బడికి మారే హక్కు పిల్లలకు ఉందని చట్టం చెబుతున్నందున, వరద నెలల్లో అదే పిల్లలు ఒడ్డు మీది బడిలో పేరు నమోదై, అక్కడే రాత్రి ఉండే ఏర్పాటుతో చదువు కొనసాగించవచ్చు. పడవ బడి ఎప్పుడు ఆగాలన్నది సరంగు ధైర్యానికో, ఉపాధ్యాయుడి అంచనాకో వదలకూడదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక రాగానే, ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి పట్టే సుమారు ఒక రోజు వ్యవధిలో పడవ బడిని రేవుకు చేర్చి కట్టేయాలని, ధవళేశ్వరంలో హెచ్చరిక ఉపసంహరించేదాకా విప్పరాదని నిబంధనగా రాసిపెట్టాలి.